వియ్యపురాలి కాళ్లు, నా మైటోకాండ్రియా

నా బిడ్డ పెళ్లిలో నా వియ్యపురాలు నా చేత కాళ్లకు పసుపు రాయించుకోలేదు. ముందు ఆ సంగతి రాసి, మిగతావి తర్వాత రాస్తాను. మిగతావన్నీ దాని తర్వాతే జరిగాయి, పైగా దాన్ని నేను ఇంకా మరిచిపోలేదు.

మాది కోరుట్ల, వాళ్లది సిరిసిల్ల. పెళ్లి కోరుట్లలోనే ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. మా దిక్కు పద్ధతి ఏమిటంటే, మగపెళ్లివారి ఆడవాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చోగానే పిల్ల తల్లి పసుపు గిన్నె పట్టుకొని వరుసగా అందరి పాదాలకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. అందరికన్నా ముందు పిల్లగాని తల్లికి. నా నడుము అప్పటికే నా మాట వినడం మానేసింది. అయినా పట్టుచీరలో వంగాను. వంగగానే ఆమె రెండు కాళ్లూ కుర్చీ కిందికి లాక్కొని, కుచ్చిళ్లు నేల మీదికి జార్చింది.

"నాకద్దు వదినె. కాళ్లకు పసుపు పడది నాకు. ఎలర్జీ."

పసుపు వేళ్లతో నేను అట్లాగే వంగి ఉన్నాను. వెనక నుంచి మా అక్క, ఈమెకు గుసగుసలాడటం చేతకాదు, "ఏందే, నీ చేతి పసుపు గంత గలీజున్నదా?" అన్నది. నాలుగు కుర్చీల వాళ్లు నవ్వారు. నేను లేచి వియ్యపురాలి మొఖం చూశాను. మెడలో పుస్తెలతాడు అప్పుడే పసుపులో ముంచి తీసినట్టు ఉంది. మెడకు పడే పసుపు కాళ్లకు ఎందుకు పడదు? శరీర శాస్త్రంలో అలాంటి ఎలర్జీ లేదు. ఉంటే నాకు తెలిసేది, నేను జువాలజీ చెప్పేదాన్ని.

ఆ తర్వాత శ్రీమంతంలో ఒకసారి, వాళ్లింటి గృహప్రవేశంలో ఒకసారి పసుపు గిన్నెతో ప్రయత్నించాను. ప్రతిసారీ కాళ్లు మాయం. "పాత ముచ్చట ఇడిసిపెట్టరాదు" అని మా ఆయన అన్నాడు. విడిచిపెట్టడానికి అదేమైనా చెప్పులా?

నేను జగిత్యాలలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు పనిచేశాను. పొద్దున కోరుట్లలో బస్సెక్కడం, సాయంత్రం నిలబడి తిరిగి రావడం. ఆ ఉద్యోగంలో నాకు మిగిలిన అవమానాల్లో పెద్దది మైటోకాండ్రియా గురించినది. పిల్లలకు దాని గురించి తెలిసింది ఒకే మాట: కణ శక్త్యాగారం. పరీక్షలో ఆ ఒక్క మాట రాస్తే రెండు మార్కులు. కణానికి కరెంటు ఇచ్చే ఇల్లు అని బట్టీ పట్టి, మార్కులు తీసుకొని, దానికి దండం పెట్టి వెళ్లిపోతారు.

కానీ దానికి రెండో పని ఉంది. కణానికి పోయే వేళ వచ్చినప్పుడు దాన్ని పొమ్మనేది కూడా చాలాసార్లు అదే. మన ఒంట్లో కణాలు దెబ్బ తగిలో కాలో చచ్చిపోవడం ఒక రకం, అప్పుడు వాపు వస్తుంది, మంట పుడుతుంది. పని అయిపోయిన కణం తనంతట తాను సర్దుకొని పోవడం ఇంకో రకం. అలా పోవాలని సైగ అందితే మైటోకాండ్రియా పైపొరలో రంధ్రాలు పడతాయి. అన్నాళ్లూ లోపల కూర్చొని శక్తి తయారీలో చెయ్యేసిన ఒక ప్రొటీన్ ఆ రంధ్రాల్లోంచి బయట పడుతుంది. బయట అది ఇంకొన్ని ప్రొటీన్లతో కలిసి, నిద్రపోతున్న కత్తెరలను లేపుతుంది. కత్తెరలంటే నిజమైన కత్తెరలు కావు, ప్రొటీన్లను తెగ్గోసే ఎంజైములు. అవి కణాన్ని లోపలి నుంచే కత్తిరించి, చిన్న చిన్న మూటలు కడతాయి. పక్క కణాలు ఆ మూటలను మింగేస్తాయి. చీము ఉండదు, ఏడుపు ఉండదు. వానాకాలం గుంటల్లో కప్పపిల్లల తోక మాయమయ్యేది ఇట్లాగే.

ఒక సైన్స్ దినోత్సవం నాడు ఇదంతా చెబుదామని మైకు పట్టుకున్నాను. కప్ప తోక దాకా వచ్చాను. అప్పటి ప్రిన్సిపాల్ కుర్చీలోంచే చెయ్యెత్తి, "మేడం, సుబమాని పండుగ జేసుకుంటుంటె సావు ముచ్చటెందుకు? కరెంటు దాకా చెప్పిండ్రు గదా, సాలు, దిగుండ్రి" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. దిగాను. ఆయన రిటైరైన నాడు పంచిన లడ్డూ నేను తినలేదు. నేను తినలేదని ఆయన గమనించలేదు. అది ఇంకో అవమానం.

ఇక అసలు సంగతి. ఏడో నెల రాగానే బిడ్డను కాన్పుకు కోరుట్లకు తీసుకొచ్చుకున్నాం. అల్లుడు దుబాయిలో. ఎనిమిదో నెలలో సూర్యగ్రహణం వచ్చింది, సాయంత్రం పూట. పొద్దటి నుంచీ వియ్యపురాలి ఫోన్లే. కడుపుతో ఉన్నామె గ్రహణం పట్టినంతసేపూ వెల్లకిలా పడుకోవాలి, కత్తి పట్టొద్దు, చేతులూ కాళ్లూ ముడవొద్దు. ముడిస్తే పుట్టే పిల్ల వేళ్లు అట్లాగే ముడుచుకుపోతాయి. సరే అన్నాను. నా సరే మీద ఆమెకు నమ్మకం లేక వీడియో కాల్ పెట్టింది. ఫోన్‌ను అల్మారా మీద నిలబెట్టించి, గ్రహణం మొదలైనప్పటి నుంచి సిరిసిల్లలో కూర్చొని నా బిడ్డను కాపలా కాసింది.

బిడ్డ కాసేపు కదలకుండానే పడుకుంది. అప్పుడే మేం ఖాలా అని పిలిచే పక్కింటామె గిన్నె నిండా మిర్చి బజ్జీలు పంపింది. వాసనకు బిడ్డ లేచి కూర్చుంది, కాళ్లు మడిచి ఒళ్లో ప్లేటు పెట్టుకుంది. ఫోన్‌లోంచి, "అయ్యో, కాళ్లు! కాళ్లు సాపు! ఏం తింటున్నవే గది?" అని కేక. అంతలో మా ఇంట్లో కరెంటు పోయింది, వైఫై పోయింది, కాల్ కట్టయింది. నేను కావాలని తీసేశానని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది. తీసేయాలనిపించిన మాట నిజం.

పాప పుట్టింది. బంగారంలాంటి పాప. మూడో రోజు వియ్యపురాలు జగిత్యాల ఆస్పత్రికి వచ్చింది. వచ్చిన మనిషి పాప మొఖం చూడలేదు, నేరుగా గుడ్డ విప్పి కాళ్లు చూసింది. రెండు పాదాలకూ బొటనవేలు పక్క రెండు వేళ్లూ గోరు దాకా కలిసి ఉన్నాయి, మధ్యలో సన్నని పొర. డాక్టరమ్మ అప్పటికే చెప్పింది, నడకకు ఏ ఇబ్బందీ లేదు, ఏమీ చేయనక్కర్లేదని.

వియ్యపురాలి మొఖం పాలిపోయింది. తర్వాత ఫోన్ తీసి నాకు చూపించింది. ఆ సాయంత్రం కాల్‌లోంచి తీసిన ఫోటో. మడిచిన కాళ్లు, ఒళ్లో ప్లేటు, నోట్లో సగం మిర్చి, నా బిడ్డ.

"నేను చెప్పలేదా వదినె? నువ్వు సదువుకున్నదానివి, నీకు మా మాటలు ఎక్కయి."

"వదినె, గ్రహణానికీ వేళ్లకూ సంబంధం లేదు."

"మరి దేనికున్నది సంబంధం? మిర్చికా?"

నవ్వు వచ్చేట్టున్న మాటే, కానీ మంచం మీద నా బిడ్డ నవ్వలేదు. ఆ రోజు నుంచి పాప కాళ్లకు మేజోళ్లు. ఎండాకాలంలో, మా ఊరి ఎండల్లో, అరచెయ్యంత పిల్లకు ఊలు మేజోళ్లు. స్నానానికి తప్ప నా బిడ్డ వాటిని తీయదు. తీసినప్పుడు కూడా తలుపు వేసుకుంటుంది.

కొన్నాళ్లకు సిరిసిల్ల నుంచి తీర్మానం వచ్చింది. పాపను ఊయలలో వేసే తొట్టెల వేడుక తల్లి పుట్టింట్లో, అంటే మా ఇంట్లో, చేయడం పద్ధతి, కానీ వాళ్లింట్లోనే చేస్తారట. తొట్టెలలో వేసే ముందు గ్రహణశాంతి చేయిస్తారట. కోడలు చుట్టాలందరి ముందూ కొబ్బరికాయ పట్టుకొని, తప్పైందని నోటితో అనాలట.

నేను ఒప్పుకోనన్నాను. దుబాయి నుంచి అల్లుడు ఫోన్ చేసి, "అత్తమ్మా, ఒక్క మాట అంటె ఏంబోతది? అమ్మ మనసు నిమ్మలమైతది" అన్నాడు. ఏం పోతుందో అతనికి తెలియదు. ఒకసారి ఆడపిల్ల నోటితో తప్పైందని నలుగురి ముందు అన్నదంటే, రేపు పాపకు జ్వరమొచ్చినా, మార్కులు తగ్గినా, పెళ్లి ఆలస్యమైనా ఆ కొబ్బరికాయే గుర్తొస్తుంది అందరికీ. నేను దేన్నీ మరిచిపోను, కాబట్టి మనుషులు ఎంత గుర్తు పెట్టుకోగలరో నాకు తెలుసు.

కానీ నా కష్టం అల్లుడితో కాదు, బిడ్డతో.

"అంట తియ్యమ్మా. నిజంగనే ముడుసుకున్న గదా కాళ్లు."

నాకు మైకు లేదు, కానీ ఆపే ప్రిన్సిపాల్ కూడా లేడు. కూర్చోబెట్టి పాఠం చెప్పాను. కడుపులో పిండానికి మొదట చెయ్యీ కాలూ తెడ్డులా ఉంటాయి, వేళ్లు విడిగా ఉండవు. వేళ్ల మధ్య ఉన్న కణాలు పోతేనే వేళ్లు విడిపోతాయి. వాటిని పొమ్మనే పనిలో మైటోకాండ్రియా చెయ్యి ఉంది. దాని పైపొరకు రంధ్రాలు చేసే ప్రొటీన్లు లేని ఎలుకలకు వేళ్ల మధ్య తోలు మిగిలిపోతుందని చదివాను. బాతుకు అక్కడి కణాలు పోవు, అందుకే దానికి తోలు పాదం.

"నా బిడ్డ బాతా అమ్మా?"

"అది కాదే. ఇదంతా మూడో నెల దాటక ముందే అయిపోతది. గ్రహణం వచ్చింది ఎనిమిదో నెలల. అప్పటికి వేళ్ల పని ఎప్పుడో ముగిసింది. అసలు ఆ వేళ్లు తయారైనప్పుడు నువ్వు వాళ్లింట్లనే ఉంటివి, మీ అత్త కళ్ల ముందట."

ఈ చివరి మాట మీద నాకు చాలా ఆశ ఉండేది. కోర్టులో అయితే కేసు అక్కడే కొట్టేస్తారు. బిడ్డ అంతా విన్నది, తలూపింది, పాప కాలికి జారిన మేజోడు మళ్లీ పైకి లాగింది.

తొట్టెల నాడు కారు మాట్లాడుకొని బయలుదేరాం. కథలాపూర్ దాటేదాకా నేను మాట్లాడలేదు. మా ఆయన అద్దంలోంచి చూసి, "ఏం ఆలోచిస్తున్నవు?" అన్నాడు.

"పసుపు తెచ్చిన్నా లేదా అని."

"అక్కడుండదా పసుపు?"

"నా పసుపు నాకు కావాలె."

నా ఆలోచన చిన్నదే. వియ్యపురాలు నా బిడ్డ చేత నలుగురి ముందు తప్పైందని అనిపిస్తుంది కదా. అంతకన్నా ముందు నేను నలుగురి ముందు ఆమె కాళ్లకు పసుపు పెడతాను. బాకీ బాకీ. ఎలర్జీ వస్తే జగిత్యాల ఆస్పత్రి ఎటుందో నాకు తెలుసు.

సిరిసిల్లలో వాళ్లది రెండు అంతస్తుల ఇల్లు. వెనక రేకుల షెడ్డులో సాంచాలు. పవర్‌లూములను అక్కడ సాంచాలనే అంటారు. మామూలు రోజుల్లో ఆ చప్పుడుకు ఇంట్లో మాట మాట వినపడదు. ఆ రోజు ఫంక్షనని బంద్ పెట్టారు. ముందు గదిలో ఆడవాళ్లంతా వరుసగా కూర్చున్నారు, మధ్య కుర్చీలో వియ్యపురాలు. పంతులు ఇంకా రాలేదు. కొబ్బరికాయ వచ్చింది, బల్ల మీద తయారుగా ఉంది.

నేను పాపను నా బిడ్డ చేతుల్లోంచి తీసుకొని, నేరుగా పోయి వియ్యపురాలి ఒళ్లో పడుకోబెట్టాను. "నానమ్మ దగ్గరికి పో, తల్లీ." పాప నిద్రలో ఉంది. నిద్రపోయే పిల్ల ఒళ్లో ఉంటే మనిషి లేవలేదు, జరగలేదు, కాళ్లు గబుక్కున లాక్కోలేదు. ఇది నేను కథలాపూర్ దగ్గరే అనుకున్నాను.

పసుపు గిన్నెతో నేల మీద కూర్చున్నాను. ఆమెకు అర్థమైంది. "వదినె, ఒద్దు" అన్నది మెల్లగా, పాప లేవకుండా. నేను కుచ్చిళ్లు జరిపి పాదం పట్టుకున్నాను.

బొటనవేలు పక్క రెండు వేళ్లూ గోరు దాకా కలిసి ఉన్నాయి. రెండు పాదాలకూ.

వాటికి వెండి మట్టె. పై నుంచి చూస్తే పక్కపక్కన రెండు మట్టెలనిపిస్తుంది. కాదు, రెండు వేళ్లకూ కలిపి చుట్టిన ఒకే వెడల్పాటి మట్టె, మధ్యలో గీత గీసి రెండుగా కనపడేట్టు చేయించింది. పాప పాదం మీద చూసిన పొరనే, ముసలిదై, పగిలి, నా అరచేతిలో ఉంది.

నేను తలెత్తాను. ఆమె నన్నే చూస్తోంది. నా వీపు వెనక గదినిండా చుట్టాలు. నేను ఒక్క జానెడు పక్కకు జరిగితే చాలు, అందరికీ కనపడుతుంది. నిజం చెప్పాలంటే జరగాలని కాలు సగం లేచింది కూడా.

"వదినె," అన్నాను, ఆమెకు మాత్రమే వినపడేట్టు, "ఎలర్జీ ఎవలకు?"

నేను రెండు పాదాలకూ నిండా పసుపు రాశాను, వేళ్ల మీద కాస్త ఎక్కువే. కుచ్చిళ్లు మళ్లీ కప్పి లేచాను. "వెనకకు రా," అన్నది ఆమె, పాపను పక్కామె ఒళ్లోకి మార్చి.

సాంచాల షెడ్డులో ఎవరూ లేరు. నూనె వాసన, నూలు దుమ్ము. ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"చెప్పుకుంటవా అందరికి?"

"నీ కొడుక్కు తెలుసా?"

"తెలుసు. గానికి పది వేళ్లు పదే ఉన్నయి, గండం తప్పిందనుకున్న. ఇగ ఈ పిల్లకు..." ఆమె గోడకు ఆనుకుంది. "మా అమ్మ నేను కడుపుల ఉన్నప్పుడు గ్రహణం నాడు పత్తి చేన్ల కాళ్లు ముడుసుకొని కూసున్నదట. నన్ను కన్నంక మా నాయినమ్మ సచ్చేదాక అన్నది, అంటుకాళ్ల పిల్లను కన్నదానివని. మా అమ్మ నా కాళ్లు కడిగినప్పుడల్లా తప్పైంది బిడ్డా అంటుండె. ఆనాడే నలుగుట్ల శాంతి చేపిస్తె మాట తెగిపోవునట. చేపియ్యలే, నా పెండ్లిదాక సాగింది. నా కోడలికి గట్ల గావద్దనే గీ కొబ్బరికాయ."

నేను చాలా తిట్లు తయారు చేసుకొని వచ్చాను. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మంచి ఉద్దేశంతో చేసిన అవమానం కూడా అవమానమే, ఆ మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. కానీ ఆ క్షణంలో నాకు పాఠం చెప్పాలనిపించింది. సాంచా మీద నేసిన తువ్వాలలు కత్తిరించకుండా ఒకే గుడ్డగా చుట్టుకొని ఉన్నాయి. రెండు తువ్వాలల మధ్య, అడ్డం నూలు లేకుండా వదిలిన నిలువు పోగులు.

"గీ మధ్య పోగులేంది వదినె?"

"గవా? గాడ కత్తిరిస్తెనే తువ్వాల ఇడిపోతది. గది గూడ తెల్వదా నీకు?"

"కత్తిరించకపోతే?"

"రెండు కలిసే ఉంటయి."

"కడుపులో వేళ్లు కూడా ఇట్లనే. మొదలు ఒకే గుడ్డ. మధ్యలున్నవి పోతేనే విడిపోతయి. కానీ కత్తెర బయటి నుంచి రాదు, ప్రతి పోగు లోపలనే మడిచి పెట్టి ఉంటది. సైగ వచ్చినప్పుడు దాన్ని విప్పేది, ఆ పోగుకు కరెంటు ఇచ్చే మోటరే."

"ఇన్నొద్దులు కరెంటిచ్చిన మోటరేనా?"

"అదే."

"ఇంటి మోటరుకు గంత పని ఎందుకు?" అని ఆమె అన్నది. అన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క విద్యార్థి అడగని ప్రశ్న. నాకు దానికి పూర్తి జవాబు తెలియదు, ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"కొన్ని ఇండ్లల్ల ఆ సైగ సరిగ అందదు. అది రక్తంల వస్తది. ఒక్కోసారి ఒక తరాన్ని దాటుకొని మనుమరాలికి వస్తది. గ్రహణం వచ్చేనాటికి వేళ్ల పని ఎప్పుడో అయిపోయింది వదినె. ఎనిమిదో నెలల కాళ్లు ముడిచినా, దండెం మీద ఆరేసినా ఏం కాదు."

ఆమె ఆ పోగుల మీద చెయ్యి పెట్టి నిలబడ్డది.

"గట్లయితె మా అమ్మ ఏం జెయ్యలేదా?"

"ఏం జెయ్యలేదు."

"పత్తి చేన్ల కూసున్నందుకు గాదా?"

"కాదు వదినె. పత్తి ఏరుకున్నది, అంతే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సాంచా వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆమె ముక్కు చీది, మొఖం తుడుచుకొని, "సదువుకున్నదానివి, గీ ముచ్చట పెండ్లినాడే చెప్పద్దా?" అన్నది. పెళ్లినాడు కాళ్లు చూపించనిది ఎవరు? నేను నోరు తెరిచేలోపు ఆమె తలుపు తీసుకొని లోపలికి పోయింది.

పంతులు వచ్చి కూర్చున్నాడు. నా బిడ్డ పీట మీద, కొబ్బరికాయ చేతిలో, తల దించుకొని. పెదవులు కదలబోతున్నాయి. వియ్యపురాలు పోయి ఆ కొబ్బరికాయ లాక్కుంది.

"గిది పిల్ల దిష్టికి కొడుదం. శాంతి గీంతి ఏమద్దు పంతులూ." తర్వాత పాపను తీసుకొని నేల మీద కూర్చుంది. మేజోళ్లు రెండూ తీసి పక్కన పడేసింది. తన కుచ్చిళ్లు చీలమండ దాకా పైకి లాగి, పసుపు కాళ్లు రెండూ గది మధ్యలోకి బారుగా చాపింది. ఆ కాళ్ల పక్కన పాప కాళ్లు.

"నా మనుమరాలికి నా కాలచ్చింది. ఎవలకన్న ఏమన్న అనేదున్నదా?"

ఒక ముసలామె ముందుకు వంగి, "అగో, గన్నేండ్ల సంది చూస్తున్న, నీయి గిట్ల ఉన్నయని తెల్వనే తెల్వదు" అన్నది. నా బిడ్డ అత్త కాళ్లనూ పాప కాళ్లనూ మార్చి మార్చి చూసింది. తర్వాత నేను ఆ ఏడాది అంతా వినని చప్పుడు ఒకటి వినిపించింది. నా బిడ్డ నవ్వుతోంది. పాప కాలి బొటనవేలు తన నోట్లో పెట్టుకొని నవ్వుతోంది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ భోజనాల దగ్గర నేను చూసిందీ రాయాలి. వియ్యపురాలు చుట్టాలను చుట్టూ కూర్చోబెట్టుకొని చెబుతోంది: కడుపులో వేళ్లు ఒకే గుడ్డట, మధ్యలో పోగులట, కరెంటిచ్చే మోటరే కత్తెర విప్పుతుందట. అందరూ నోళ్లు తెరుచుకొని వింటున్నారు, ఎవరూ చెయ్యెత్తి దిగమనలేదు. "ఎవలు చెప్పిండ్రు అక్కా నీకు?" అని ఒకామె అడిగింది.

"చెప్పేదేంది? సాంచాలు నడిపెటోళ్లకు తెల్వదా?" అన్నది నా వియ్యపురాలు.

మైటోకాండ్రియా అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. నా పేరు కూడా రాలేదు. దీన్ని నేను గుర్తు పెట్టుకున్నాను.

ఎలర్జీ అని అబద్ధమాడినందుకు ఆమె ఇప్పటికీ ఏమీ అనలేదు. ఆస్పత్రిలో ఫోన్ ఫోటో చూపించినందుకు కూడా అనలేదు. కానీ నేను సిరిసిల్ల పోయినప్పుడల్లా ఒక పని చేస్తుంది. గుమ్మంలోకి అడుగు పెట్టీ పెట్టగానే కుర్చీలో కూర్చొని, కాళ్లు రెండూ బారుగా నా ముందుకు చాపి, పసుపు గిన్నె వైపు కళ్లతో చూపించి, "పెట్టు వదినె, పెండ్లిది బాకీ ఉన్నది గదా" అంటుంది. పాప కూడా ఆమె పక్కన కూర్చొని తన కాళ్లు చాపుతుంది. నాలుగు పాదాలు. నా నడుము సంగతి అడిగేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.